రెండు కొసలూ చూపమన్న మనిషి

మొన్న జగిత్యాలలో, నేను బతికే ఉన్నానని రుజువు చేసుకోవడానికి పింఛను కౌంటరు దగ్గర యంత్రం మీద బొటనవేలు పెట్టాను. చల్లటి గాజు. మూడుసార్లు పెట్టినా ఎర్రదీపమే. "లింకు అయితలేదు తాతా, పక్కకు జరుగు" అన్నాడు గుమస్తా. నలభై ఏళ్లు నూలు పోగులు మెలిపెట్టి నున్నబడిన వేలు అది. ఆ గాజు చల్లదనంలో నాకు నర్సయ్య కాక గుర్తొచ్చాడు.

సిరిసిల్లలో కాకది వైపని. అంటే, మరమగ్గం మీద నూలు చుట్టిన పాత బీము అయిపోవస్తే, దాని చివరి పోగులకు కొత్త బీము పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. వేల పోగులు. రుద్రంగి నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మొదటిరోజే చేతిమీద ఒకటేశాడు. "ఒక్క కొస పట్టుకొని దేనికేస్తవ్‌రా ముడి? గాలికా? రెండు కొసలు చేతికి రానియ్యి!" బడి మొహం చూడని నాకు పాత పేపరు ముక్కల మీద అక్షరాలు కూడబలుక్కోవడం నేర్పిందీ ఆయనే. ఇంగ్లీషు మాట వినబడితే, అన్నవాణ్నే అర్థం అడగమనేవాడు. అట్లా అడిగే లింకు సంగతి తెలుసుకున్నాను. కోరుట్ల బస్టాండులో అది ఒక బస్సు దిగి ఇంకో బస్సు ఎక్కడం. సైకిల్ షాపులో గొలుసుకున్న ఒక్క కడియం. రెండుచోట్లా కంటికి కనబడేదే. ఠాణాలో అట్లా కాదు.

కూలి పెంచమని మగ్గాలు ఆపిన వారంలో నన్ను పట్టుకుపోయారు. "అడివిల ఉన్నోళ్లతోని నీకు లింకున్నది" అన్నాడు ఎస్సై. మనిషి ఇంటికి తిరిగి రాకుండా పోవడానికి ఆ రోజుల్లో ఆ ఒక్క మాట చాలు. పొద్దున పదింటికి కాక వచ్చాడు, చెవి మీద సగం కాల్చిన బీడీతో.

"సార్, నేను పోగులు అతికేటోణ్ని. ఒక కొస గీ రాజేశం. రెండోది ఏది? పేరు చెప్పుండ్రి, ఊరు చెప్పుండ్రి."

"నువ్వెవనివిరా నన్ను అడుగ? నిన్ను గూడ లోపలేస్త!"

"ఏయుండ్రి. గప్పుడు ఇద్దరమైతం. రెండో కొస మాత్రం దొరుకదు."

భుజం మీద లాఠీ పడింది. కాక వెళ్లి ఠాణా మెట్ల మీద కూర్చున్నాడు. మధ్యాహ్నానికి మగ్గాలు ఆపినవాళ్లందరూ ఒక్కొక్కరే వచ్చి ఆ మెట్ల మీదే కూర్చున్నారు. పొద్దు వాలకముందే నన్ను వదిలారు. రెండో పేరు ఎస్సై దగ్గర ఆఖరుదాకా లేదు. బయటికొచ్చి ఏడుస్తుంటే కాక నవ్వాడు. "నాకు భయం కాలేదనుకున్నవా? కాళ్లు వణుకవట్టె, గందుకే కూసున్న." ఆ భుజం మళ్లీ సరిగా పైకి లేవలేదు. అయినా చివరిదాకా పోగులు అతికాడు.

జగిత్యాలలో నేను పక్కకు జరగలేదు.

"దేనికి దేనికి లింకు అయితలేదు కొడుకా? నా కొస గిదిగో, వేలు, కార్డు. నీది చూపెట్టు."

"సిస్టం తీసుకుంటలేదు తాతా, నేనేం జెయ్యాలె?"

"సిస్టం ఎవలదో ఆయన్ను పిలువు."

వెనక వరుసలోని ముసలామె తన బొటనవేలు పైకెత్తింది. "నాది గూడ గంతేనే అన్నా. బీడీలు చుట్టి చుట్టి అరిగింది."

ఇద్దరం కౌంటరు ముందే గచ్చు మీద కూర్చున్నాం. లేవమని నాలుగుసార్లు అన్నారు. లోపలి అధికారి బయటికొచ్చి మా ఇద్దరి పేర్లూ బతికే ఉన్నట్టు తన చేత్తో రాసుకునేదాకా లేవలేదు. అబద్ధమెందుకు, కాళ్లు వణికాయి.