పాపం మాస్టారు

మా మాస్టారికి ఒకటే జబ్బు. తెరమీద కొట్లాట జోరుగా నడుస్తుండగా ఉన్నట్టుండి "పాపం" అనేస్తారు. అనడం తప్పు కాదు, ఆయన అనేది మైకు ముందు. అదీ అనవలసిన మనిషిని చూసి ఎన్నడూ అనరు.

ఆయన పని సినిమాలకు చప్పుళ్ళు చెయ్యడం. అడుగులూ దెబ్బలూ షూటింగులో సరిగా వినపడవు. వాటిని తరవాత ఒక మూసిన గదిలో, బొమ్మ చూస్తూ మళ్ళీ పుట్టించాలి. ఆ గదిలో ఒక ఇసుక తొట్టి, ఒక కంకర తొట్టి, ఇరవై జతల పాత బూట్లు, ఊడిన తలుపు, బుట్టెడు క్యారెట్లు ఉండేవి. క్యారెట్టు విరిస్తే చెయ్యి విరిగినట్టుంటుంది. తడిగుడ్డ నేలకేసి కొడితే శవం పడినట్టుంటుంది. అద్దానికి ఇవతల కూర్చుని వాటిని రికార్డు చెయ్యడం నా ఉద్యోగం. పదకొండేళ్ళు చేశాను. అందులో సగం ఆయనగారి "పాపం"లు కత్తిరించడానికే సరిపోయింది.

కథానాయకుడి తల్లి కళ్ళముందు ప్రాణం విడుస్తున్నా ఆయన చలించేవారు కాదు. ఠపీమని తడిగుడ్డ పడేసి ముక్కు తుడుచుకునేవారు. వెనక ఎక్కడో మూలన, ముఖమైనా కనపడని గూండా బల్లమీద పడ్డాడో, "పాపం". ఒకసారి విసుగెత్తి ఆయన నోటికి ప్లాస్టరు వేశాను. ముక్కుతో అన్నారు. గడ్డం ఉన్నవాళ్ళంటే ఆయనకు జాలి అని ఎడిటరు సిద్ధాంతం. లావుపాటివాళ్ళంటే అని నాది. మర్నాడే గడ్డం లేని బక్కపలచటివాడిమీద జాలిపడి ఇద్దరి నోళ్ళూ మూయించారు. ఎందుకండీ ఇలా అని అడిగితే, అలవాటైపోయింది, మీరు కత్తిరించెయ్యండి అనేవారు.

నా చిన్నప్పుడు మా అమ్మమ్మ ఒక పడవవాడి కథ చెప్పేది. వరదలో పడవ పగిలిపోతే ఊరు ఊరంతటినీ ఒక్కొక్కరినే భుజాలమీద నది దాటించిన వీరుడు. కత్తి ముట్టనివాడు. ఆ వీరుడిమీద సినిమా తీశారనీ, చప్పుళ్ళు మా గదిలోనే చెయ్యాలనీ తెలిసి సంబరపడ్డాను. మొదటి రీలు చూసేసరికి ప్రాణం ఉసూరుమంది. ఈ వీరుడు ఎవరినీ దాటించడు, దాటబోయినవాళ్ళను నరుకుతాడు. మొత్తం నూటపన్నెండు చావులు. తెరంతా చిమ్మచీకటి. దర్శకుడు కుర్రవాడు, గదిలో కూడా నల్లకళ్ళద్దాలు తియ్యడు. ఆ అద్దాల్లోంచి చూసి, ఇంకా చీకటి చాల్లేదని బాధపడేవాడు. ఇప్పటి జనం కంటికి మంచివాడు ఆనడం లేదని నాకు ఓపిగ్గా వివరించాడు.

అతణ్ణి అని ఏం లాభం? అప్పటికే మా పనంతా అలాగే తయారైంది. వానా, ఉయ్యాలా, గుర్రపు డెక్కలూ అడిగే నాథుడే లేడు. పోయిన ఏడాది ఇంకో వీరుడు కన్నతండ్రి తల తెగ్గొట్టాడు. అంతకుముందు ఏడాది ఒకడు తన ఊరినే తగలబెట్టుకున్నాడు. చిన్నప్పుడు గుండెల్లో పెట్టుకున్నవాళ్ళందరి చేతా వరసగా ఎముకలు విరిపించాను. సాయంత్రం ఇంటికి వెళితే మా అమ్మాయి పడవవాడి కథ చెప్పమనేది. భుజాలమీద ఎక్కించుకున్నాడు అనబోతే చెవుల్లో క్యారెట్లు విరిగేవి. రేపు చెబుతానని తప్పించుకునేవాణ్ణి. ఆ రేపు వస్తుందన్న నమ్మకం నాకు లేదు.

ఆరో రీల్లో వంతెన పోరాటం వచ్చింది. వీరుడు ముందు నిలబడి ముగ్గురిని నరుకుతున్నాడు. వెనక, కుడిచేతి మూల, ఒకడు వంతెనమీంచి దొర్లి కిందపడ్డాడు. మాస్టారు "పాపం" అన్నారు. నేను అలవాటుగా ఆపి వెనక్కి తిప్పాను. రెండోసారి ఆయన పాపం అనలేదు, తడిగుడ్డ కూడా పడెయ్యలేదు. తెరకేసి చూస్తూ నిలబడిపోయారు.

"ఈయనెవరండీ?" అని దర్శకుణ్ణి అడిగారు.

"ఎవడో. ఫైటర్లలో ఒకడు. కానివ్వండి మాస్టారూ."

మాస్టారు బూట్లు విప్పి, జతగా పక్కన పెట్టి వెళ్ళిపోయారు. మూడు రోజులు రాలేదు. ముసలాయన్ని మార్చెయ్యమన్నాడు దర్శకుడు. నాలుగోనాడు నేను ఆయన ఇంటికి వెళ్ళాను. వాళ్ళావిడ నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. అలమారులో గాయాలకు కట్టే గుడ్డలు లేవంటే ఎక్కడో ఎవరికో విరిగిందన్నమాటేనని చెప్పి, ఆస్పత్రి పేరూ వార్డు నంబరూ రాసిచ్చింది.

వెళ్ళి చూద్దును కదా, నలభై ఏళ్ళ మనిషి మంచంమీద కదలకుండా పడుకుని ఉన్నాడు. మాస్టారు పక్కన కూర్చుని చెంచాతో గంజి పట్టిస్తున్నారు. వంతెనమీంచి పడ్డవాడే. నడుము దెబ్బతింది. చెబితే ఇక పనికి పిలవరని, ఎవరికీ చెప్పకుండా ఐదు వారాలు గదిలో పడుకున్నాడు. ఫైటర్ల మేస్త్రీని పట్టుకుని మాస్టారు ఆ గది వెతుక్కుంటూ వెళ్ళారు.

"మీకెలా తెలిసిందండీ?" అన్నాను.

"చప్పుడు కలపాలంటే ఒక్కో దెబ్బ యాభైసార్లు చూడాలి కదా. దెబ్బ తగలనివాడు పడ్డాక శవంలా ఉంటాడు. నిజంగా తగిలినవాడు ఎవరైనా చూస్తారేమోనని ముందు మొహం దాచుకుంటాడు. ఈయన దాచుకున్నారు."

మంచంమీది మనిషి నవ్వడానికి ప్రయత్నించాడు. మాస్టారు తలుపు తట్టారంటే ఫైటర్ల ఇళ్ళలో అందరూ హడలిపోతారట. ఎక్సరే కంటే ముందే ఈయనకు తెలిసిపోతుందట. ఇన్నేళ్ళలో ఎన్ని ఇళ్ళకు వెళ్ళారో లెక్కలేదన్నాడు. నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు. పదకొండేళ్ళుగా అద్దానికి ఇవతల కూర్చుని ఆ "పాపం"లన్నీ శ్రద్ధగా కత్తిరించి పారేసింది నేనే.

దర్శకుడికి సంగతంతా చెప్పాను. మాస్టారిని మార్చడం మానుకున్నాడు కాని, సినిమాలోంచి ఆ షాటు మాత్రం తీసెయ్యలేదు. బాగా వచ్చిందన్నాడు. సినిమా విడుదలైంది. నా ఖర్మకొద్దీ జనం విరగబడి చూశారు. రెండో భాగం మొదలైంది, ఈసారి రెండువందల చావులని ప్రకటించారు. ఉద్యోగం మానేద్దామని ఉత్తరం రాసి జేబులో పెట్టుకు తిరిగేవాణ్ణి.

ఈలోగా ఫైటరు మంచం దిగాడు. ఇక దూకడం, పడటం కుదరదనీ, రోజుకు నలభై నిమిషాలు మెత్తటి నేలమీద నడవాలనీ డాక్టరు చెప్పాడు. మాస్టారు అతణ్ణి తెచ్చి మా ఇసుక తొట్టిలో నిలబెట్టారు. ఇకమీద వీరుడి అడుగుల చప్పుడు చేసేది అతనేనన్నారు. అతను కర్ర ఆనించుకుని, నొప్పి పంటికింద నొక్కిపెట్టి, తెరమీది కాళ్ళకు కాళ్ళు కలిపాడు. దర్శకుడు నల్లకళ్ళద్దాలు తీసేశాడు.

"ఈ నడకలో ఏదో బరువుంది మాస్టారూ. భయమేస్తోంది."

"మరి కాస్త నడిపించకూడదూ? కొట్లాట కంటే ఇదే భయంగా ఉంటుంది" అన్నారు మాస్టారు, బూట్లు తుడుస్తూ.

దర్శకుడికి ఆ ముక్క బాగా నచ్చింది. కొట్లాటలు కోసి నడకలు పెట్టాడు. చావులు నూట ఇరవైకి, తరవాత తొంభైకి, చివరికి ముప్పై ఒకటికి దిగాయి. వీరుడు అడవుల్లో, ఇసుక తిన్నెలమీద, నది ఒడ్డున నడుస్తూనే ఉన్నాడు. దర్శకుడికి వయసుతో నిదానం వచ్చిందని పత్రికలు రాశాయి. ఫైటరు నడుము నిలబడింది, కర్ర పోయింది. మొన్న డాక్టరు నలభై నిమిషాలను గంటకు పెంచాడు. మాస్టారు డాక్టరు రాసిన చీటీ మడిచి జేబులో పెట్టుకుని, మూడో భాగంలో వీరుణ్ణి తీర్థయాత్రకు పంపిస్తే ఎలా ఉంటుందో మాట్లాడదామని దర్శకుడి గదిలోకి వెళ్ళారు.