సైరన్ మోగితే బెయిల్స్ తీసేవాళ్లం

నేను బ్యాటింగ్ నేర్చుకున్న గ్రౌండ్‌లో గడ్డి ఉండేది కాదు, అంతా ఎర్రమన్నే. మా గనుల ఊరు కిరందుల్‌లో బూట్లు ఎరుపు, గోడలు ఎరుపు, వాన పడితే కాలవలూ ఎరుపే. మా అమ్మ ఎంత ఉతికినా నా తెల్ల ప్యాంటు లేత గులాబీ రంగుకు వచ్చి ఆగిపోయేది. తర్వాత రాష్ట్ర జట్టు క్యాంపులో నా పేరు తెలియనివాళ్లు కూడా ఆ ప్యాంటును బట్టి నన్ను పోల్చుకునేవాళ్లు. ఎవరైనా నవ్వితే చిర్రెత్తుకొచ్చేది. మా ఊరి రంగు చూసి నవ్వడానికి వీళ్లెవరు అనిపించేది.

వానాకాలం వెళ్లాక పొద్దున్నే కొండ మీంచి మబ్బు దిగివచ్చి గ్రౌండ్‌లో కూర్చునేది. ఫీల్డర్లు కనబడేవాళ్లు కాదు, మాటలు మాత్రం వినబడేవి. పరుగుకు హిందీలో పిలుచుకునేవాళ్లం, తెలుగులో తిట్టుకునేవాళ్లం. గోండీ వచ్చినవాళ్లు మాకు అర్థం కానిదేదో అనుకుని నవ్వుకునేవాళ్లు. ఆ తెల్లదనంలోంచి బంతి మెల్లగా, ఎవరూ వేయనట్టు వచ్చేది. ఇప్పటికీ నిద్ర పట్టే ముందు నాకు కనబడేది ఆ బంతే. పెద్ద పెద్ద స్టేడియంలలో ఆడాను గానీ అక్కడి బంతులేవీ కలలోకి రావు.

మా నాన్న కొండ మీద ఇనుప గనిలో, రాతిని పేల్చే జట్టులో పనిచేసేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లికి ముందే రైలెక్కి, రైలు ఆగిన చోట తనూ ఆగిపోయిన మనిషి. మధ్యాహ్నం పేల్చే ముందు ఒక సైరన్ మోగుతుంది. పేలుడు అయ్యాక, ఇక భయం లేదని ఇంకోటి. ఆ రెండింటి మధ్య మా ఇంట్లో ఎవరూ కదలకూడదు. నిజానికి మేముండే టౌన్‌షిప్‌కి ఏ ప్రమాదమూ లేదు, గని ఎంతో పైన ఉంది. అయినా అమ్మ గరిటె కింద పెట్టేసేది. నేను కంచంలోంచి చెయ్యి తీసి కూర్చునేవాణ్ణి.

"సైరన్ ఇనబడితే సేతిలో ఏటున్నా దించీయాల. అడుగు కదపకూడదు," అనేవాడు నాన్న. దేవుడి గురించి కూడా ఆయన అంత గట్టిగా ఎప్పుడూ చెప్పలేదు.

గ్రౌండ్‌లోనూ అదే పద్ధతి. నేల సన్నగా వణికితే స్టంపుల మీది బెయిల్స్ రాలిపోయేవి. ఒకసారి అలా రాలినప్పుడు ఔటని ఒక జట్టు, కాదని ఇంకో జట్టు కొట్టుకున్నంత పని చేశాయి. అప్పట్నుంచి సైరన్ మోగగానే అంపైర్ బెయిల్స్ తీసి జేబులో వేసుకునేవాడు. బ్యాట్లు దించి అందరం కొండవైపు తిరిగి నిలబడేవాళ్లం. పేలుడు ముందు కాళ్లకు తెలిసేది, తర్వాత చెవులకు. రెండో సైరన్ దాకా ఎవరూ ఔట్ కారు. ఆ కాసేపు నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

రాష్ట్ర జట్టులో చోటు దొరికిన కొత్తలో ఒక నగరంలో మ్యాచ్. నాన్న సెలవు పెట్టి, రైళ్లు మారి వచ్చి స్టాండ్‌లో కూర్చున్నాడు. పొద్దుట్నుంచి కుదురుగా ఆడుతున్నాను. మధ్యాహ్నం బౌలర్ పరుగెత్తుకొస్తున్నాడు, సరిగ్గా అప్పుడే పక్కనున్న ఏదో మిల్లులో సైరన్ మోగింది. నేను బ్యాటు దించి, బెయిల్స్ తీస్తాడని అంపైర్ వైపు చూశాను. ఆ పని బంతే చేసింది.

జట్టంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. కోచ్ మాత్రం నవ్వలేదు. ఆ సీజన్‌లో మళ్లీ నాకు ఆడే అవకాశం రాలేదు. నాకు ఏడుపు కాదు, కోపం వచ్చింది, అదీ ఎవరి మీదో తెలియని కోపం. నాన్నకు మాత్రం ఎవరి మీద కోపగించుకోవాలో తెలుసు. ఆ సైరన్‌కి ఆయన కూడా చేతిలోని టీ కప్పు కింద పెట్టి కదలకుండా కూర్చుండిపోయాడట.

"నీ వికెట్టు తీసింది బౌలర్ కాదురా, నేనే," అన్నాడు స్టేషన్‌లో. కాదంటే వినిపించుకోలేదు.

తర్వాత మళ్లీ జట్టులోకి వచ్చాను. కొన్నేళ్లు గౌరవంగానే ఆడాను. గొప్పవాణ్ణి కాలేదు, అలాగని తీసిపారేయదగ్గవాణ్ణీ కాదు. నాన్న మాత్రం మరే మ్యాచ్‌కీ రాలేదు. "టీవీలో నీ ఆటెట్టగానే మీ నాన్న లెగిసి బయటికెల్లిపోతన్నాడు," అనేది అమ్మ ఫోన్‌లో. ఏ ఊళ్లో ఆడినా క్రీజులోకి నడిచేటప్పుడు ఒకసారి స్టాండ్ల వైపు చూసేవాణ్ణి. సెంచరీ కొట్టిన రోజూ చూశాను. ఆయన చూడకుండానే నా ఆట అయిపోతుందేమోనన్న దిగులు ఆ చప్పట్ల మధ్య కూడా ఉండేది.

ఈలోపు ఆయన రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేసి బజారు వెనక చిన్న ఇంట్లోకి మారారు. గనిలో గడిపిన ఏళ్లు ఆయన చెవుల్ని తినేశాయి. ఇప్పుడు పిలిస్తే పలకడు, పెదాల కదలిక చూసి జవాబిస్తాడు.

మొన్న చలికాలంలో నేనూ ఆట మానేశాను. పాత గ్రౌండ్ స్నేహితులు, ఇప్పుడందరికీ పొట్టలొచ్చాయి, నా కోసం ఒక మ్యాచ్ పెట్టారు. నాన్నను రమ్మనలేదు. రానంటే తట్టుకునే ఓపిక నాకు లేదు. తీరా చూస్తే బౌండరీ గీత పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఆయన, వెనకాల అమ్మ.

"ఇప్పుడు ఔటైపోయినా పోయేదేటుంది? అందుకే వచ్చీసేను," అన్నాడు.

బ్యాటింగ్‌కి వెళ్లి గార్డ్ తీసుకున్నాను. మొదటి బంతి ఇంకా పడనేలేదు, కొండ మీద సైరన్ మోగింది. బౌలర్ ఆగిపోయాడు. అంపైర్ బెయిల్స్ తీసి జేబులో వేసుకున్నాడు. నేను బ్యాటు దించాను. గ్రౌండంతా కొండవైపు తిరిగింది.

ఆ నిశ్శబ్దంలో నాన్న గొంతు వినబడింది. తన గొంతు తనకే వినబడని మనిషి అరుపు అది.

"ఆడరా! ఆగిపోనావేటి?"

అమ్మ ఆయన భుజం తట్టి కొండవైపు చూపించింది. ఆయన ఆ చెయ్యి తోసేశాడు.

"సైరనని నాకు తెల్సే! అంపైరు జేబులో ఏసుకోడం సూసేను. ఒరే, బెయిల్స్ లేవు కదరా! నిన్నెవుడూ ఔట్ సెయ్యలేడు. ఆడరా!"

బంతి బౌలర్ చేతిలోనే ఉంది. నేను బ్యాటెత్తి, ముందుకాలు చాపి, లేని బంతిని కవర్స్‌లోకి కొట్టాను. కాళ్ల కింద నేల సన్నగా వణికింది. నాన్న కుర్చీలోంచి లేచాడు. మెల్లగా తల తిప్పుతూ ఆ బంతి వెంటే బౌండరీ దాకా చూశాడు. అది గీత దాటేదాకా ఆగి, అప్పుడు చప్పట్లు కొట్టాడు.