చదివి వినిపించే మనిషి

డెంగీ నన్ను ఐసీయూ దాకా తీసుకెళ్లి వదిలేసింది గానీ, వెళ్తూ వెళ్తూ కళ్ల మీద పడింది. కళ్ల లోపల వాపు, దానికి వాడిన స్టెరాయిడ్లు, వాటి వల్ల రెండు కళ్లలోనూ శుక్లాలు. వాపు పూర్తిగా తగ్గితేనే ఆపరేషన్ అన్నారు డాక్టరు గారు. హైటెక్ సిటీలో ఉద్యోగానికి సెలవు పెట్టి, గోపన్‌పల్లి ఫ్లాట్‌లో నెలల తరబడి ఒక్కదాన్నే కూర్చున్నాను. పెళ్లి చేసుకోలేదు. తెనాలి నుంచి అన్నయ్య ఫోన్ చేసి "ప్రార్థన చేస్తున్నాం" అనేవాడు. ఆ మాట వింటే ఒళ్లు మండేది.

ఆ రోజుల్లో మా చర్చికే వచ్చే పక్క బ్లాకు ఆమె రోజూ సాయంత్రం వచ్చి బైబిల్ చదివి వినిపించేది. పుట్టి పెరిగింది ఇక్కడే. కంట్లో చుక్కల మందు వేస్తూ, "కండ్లు గట్టిగ మూయకు అక్కా, మందంత బయటికొస్తది" అని కసిరేది. చదవడం కాసేపే, తర్వాత ఆడపడుచు మీద చాడీలు ఎంతసేపైనా. నిజం చెప్పాలంటే నేను ఎదురుచూసింది ఆ చాడీల కోసమే.

వాపు తగ్గాక ముందు కుడి కంటికి ఆపరేషన్ చేశారు. వాపు మళ్లీ రాలేదని నమ్మకం కుదిరాక ఎడమది. కట్టు విప్పాక చార్టులో చిన్న అక్షరాలు కూడా చదివాను. ఏడుపొచ్చింది. కళ్లు తడవకూడదన్నారని గుర్తొచ్చి, బలవంతాన ఆపుకున్నాను.

మా చర్చిలో మేలు పొందినవాళ్లు అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఆదివారం మైకు పట్టుకున్నాను. ఉత్సాహం ఆగక ఒక కీర్తన గడగడా చదివేశాను. "ఇక ఎవరి సాయమూ అక్కర్లేదు, నేనే చదువుకోగలను" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె అందరికంటే గట్టిగా కొట్టింది.

సోమవారం సాయంత్రం టీ పెట్టుకుని కూర్చున్నాను. ఆమె రాలేదు. మర్నాడూ రాలేదు. శేరిలింగంపల్లిలో పక్షవాతం వచ్చిన ఒక పెద్దావిడకు చదివి వినిపించడానికి వెళ్తోందట. మైకులో నేను చెప్పిందే ఆమె నమ్మింది, ఆమెను అనడానికేముంది? అసలు ఆపరేషన్ ఎందుకు చేయించుకున్నానా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది కూడా.

వారం చివర ఫోన్ చేశాను.

"ఏమైంది అక్కా? మళ్ల మసకగ కనబడ్తుందా?" అంది కంగారుగా.

అవునంటే చాలు, పరుగెత్తుకొస్తుంది. ఆ మాట నోటి దాకా వచ్చింది.

"లేదమ్మా, బాగానే కనిపిస్తోంది. ఒక్కదాన్నే ఉండలేకపోతున్నాను."



"ఆ పెద్దమ్మ దగ్గరికి పోయొచ్చేసరికే చీకటైతుంది అక్కా. ఆదివారం చర్చిల కలుస్తం గద," అంది.

సరేనన్నాను.