ఆ చివరి అరగంట

మా పెద్దబావకి ఒకే ఒక్క జబ్బు. ఏడాది పొడుగునా వచ్చిన సినిమాల్లోకెల్లా ఏది మహా ఘోరంగా ఉందో, ఏది చూసి జనం టిక్కెట్టు డబ్బులు వెనక్కిమ్మని కౌంటరు దగ్గర తగువుపడ్డారో, సరిగ్గా దాన్నే పట్టుకుని "ఈ ఏడాదికి ఇదే ఉత్తమ చిత్రం" అంటాడు. తమాషాకి కాదు. కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని, "ఆ చివరి అరగంట ఉంది చూడండీ..." అని మొదలుపెడతాడు. ఇంక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

పైగా ఆయనది కళ్లద్దాల షాపు. ఊళ్లోవాళ్లందరి చూపూ సరిచేస్తాడు. గోడమీది అక్షరాలు చదివించి, "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా" అని ఓపిగ్గా అడిగి, సరైన అద్దం పెట్టి పంపిస్తాడు. అదే మనిషికి సినిమా దగ్గరికొచ్చేసరికి మంచికీ చెడ్డకీ తేడా కనపడదు. ఇదే నాకు ఒళ్లు మండే సంగతి. ఎందుకంటే నా ఉద్యోగం బిస్కెట్ల ఫ్యాక్టరీలో తనిఖీ. బెల్టు మీద వచ్చేవాటిలో విరిగినవీ, మాడినవీ, అంచు ఊడినవీ ఏరి పక్కన పడెయ్యాలి. రోజంతా పనికిరానివి ఏరి పారేసే మనిషిని నేను. ఏడాదంతా పనికిరానివి ఏరుకొచ్చే మనిషి ఆయన. మా ఇద్దరికీ ఎక్కడ పొసగుతుంది?

బిస్కెట్ల దగ్గరా ఇదే వరస. పళ్లెం నిండా మంచివి పెట్టి ఇస్తే, అడుగున ఎక్కడో దాక్కున్న విరిగిన ముక్క వెతికి తీసుకుంటాడు.

"బావా, అది పారేసేది."

"రుచి అదేగా మరదలా," అంటాడు నములుతూ. నా ఉద్యోగానికే అవమానం.

మా ఇంట్లో నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. ఏడాది చివరి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మా నాన్నా, పెద్దక్కా బావా, తమ్ముడూ, నేనూ హాల్లో చేరతాం. ఆ ఏడాది తనకి బాగా నచ్చిన సినిమా ఏదో ఎవరికి వారు చెప్పాలి. తర్వాత చేతులెత్తాలి. ఎక్కువ చేతులు లేచిన సినిమా పోస్టరుకి అద్దం కట్టించి టీవీ పైన గోడకి తగిలిస్తాం. ఏడాదంతా దాని ఎదురుగా కూర్చునే అన్నం తినాలి. అందుకని మా ఇంట్లో ఈ ఎన్నికంటే ఆషామాషీ కాదు. నచ్చని హీరో మొహం చూస్తూ పూటపూటా తింటే ఒంటికి పడుతుందా?

బావ మాత్రం తనంతట తాను ఒక్క సినిమా పేరు చెప్పిన పాపాన పోలేదు. "నాకన్నీ బాగానే ఉంటాయి, ముందు మీరు కానివ్వండి" అంటాడు. చివర్లో మాత్రం చెయ్యెత్తి అందరి కొంపా ముంచుతాడు.

ఒక ఏడాది నాన్న మా అందరినీ ఒక జలాంతర్గామి సినిమాకి తీసుకెళ్లాడు. టిక్కెట్లు తనే కొన్నాడు, మంచి సీట్ల కోసం ముందురోజే వెళ్లి నిలబడ్డాడు. సినిమా మొత్తం సముద్రం అడుగునే. హీరో జుట్టు ఒక్కసారి తడిస్తే ఒట్టు. ఆదివారం నాన్న గొంతు సవరించుకుని, "నాకైతే ఆ జలాంతర్గామే," అన్నాడు.

"నాన్నా, ఆయన నీళ్లలో సిగరెట్టు కాల్చాడు," అన్నాడు తమ్ముడు.

"అగ్గిపుల్ల కూడా గీశాడు," అంది పెద్దక్క.

"నాకు సగంలోనే తలనొప్పి పట్టుకుంది," అంది అమ్మ.

అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. నాన్న పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చేతులెత్తే వేళకి పేపరు వెనక నుంచి ఒక చెయ్యి లేచింది. దాని పక్కనే బావ చెయ్యి లేచింది.

"మావయ్యగారూ," అన్నాడు కళ్లజోడు తుడుస్తూ, "ఆ చివరి అరగంట ఉంది చూడండీ..."

"అదే అల్లుడూ, అదే నేననేది," అంటూ నాన్న పేపరు దించేశాడు. ఇంక ఇద్దరూ కలిసి జలాంతర్గామి పైకెలా తేలుతుందో చర్చ మొదలెట్టారు. గెలిచింది వేరే సినిమా. దాని గురించి నాలుగు మాటలు మాట్లాడుకుందామంటే మాకు సందివ్వలేదు.

ఇంకో ఏడాది అమ్మ వంతు. ఎవరూ రామంటే తనొక్కతే వెళ్లి చూసొచ్చిన సినిమా అది. అందులో హీరోయిన్ అస్తమానం గుడ్డిదవుతుంది, వాన పడగానే చూపొస్తుంది, ఎండ కాయగానే మళ్లీ పోతుంది. మేం అమ్మని ఆడుకున్నాం. బావ చెయ్యి లేచింది.

"బావా, నువ్వు కళ్లద్దాల షాపు నడుపుతున్నావు. వాన నీళ్లకి చూపొస్తే నీ షాపు మూసుకోవాలి," అన్నాను.

"వైద్యం సంగతి వదిలెయ్ మరదలా. ఆ చివరి అరగంట ఉంది చూడూ..."

అమ్మ లోపలికెళ్లి ఆయనొక్కడికీ ఇంకో కప్పు కాఫీ తెచ్చింది. ఈయన కాఫీలకి ఓటు అమ్ముకుంటున్నాడని ఆ రోజే నాకు రూఢి అయింది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఒక్క ఏడాది మాత్రం బావకి బుద్ధి పుట్టింది. ఆ ఏడాది నేను చెప్పింది లిఫ్టు సినిమా. ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు ఆగిపోతుంది, లోపల కొందరు ఇరుక్కుంటారు, అంతే కథ. రెండున్నర గంటలూ కెమెరా బయటికి రాదు. కళాఖండం. మా ఇంట్లో రసజ్ఞత తక్కువ కాబట్టి "మనకెందుకే ఈ ఉక్కపోత" అని నన్ను ఏడిపించారు. బావ ఒక్కడే చెయ్యెత్తాడు. "ఆ చివరి అరగంట ఉంది చూడండీ, నాకు ఊపిరాడలేదు," అన్నాడు. ఎంత చెత్తకి ఓటేసినా, మనసు మూలలో ఎక్కడో ఈ మనిషికి కాస్త అభిరుచి ఉందని అప్పట్నుంచీ నమ్ముతూ వచ్చాను.

అలా పదేళ్లు గడిచాయి. నాన్న కొత్త ప్రకటన చేశాడు. ఈసారి ఏడాది సినిమాతో పాటు దశాబ్దపు సినిమా కూడా ఎన్నుకోవాలి. దాని పోస్టరు పదేళ్ల పాటు గోడ దిగదు.

పెద్దక్క ఒక కత్తి యుద్ధాల సినిమాని నిలబెట్టింది. ఆ పోస్టరులో హీరో గుర్రం మీద నుంచి లేచి, నెత్తురోడే కత్తి మన మీదికి దూస్తుంటాడు. పదేళ్లు దాని కింద కూర్చుని నేను అన్నం తినాలా? నా ప్రాణం ఉండగా కుదరదనుకున్నాను. నాన్నా అమ్మా అక్క వైపే. తమ్ముడికి నా కొత్త హెడ్‌ఫోన్స్ ఇచ్చి లిఫ్టు వైపు లాక్కున్నాను. తమ్ముడికి ఆ ఏడాదే పెళ్లయింది. వాడి భార్య కొత్త కోడలు, సోఫా అంచున కూర్చుంటుంది, ఏమడిగినా "మీ ఇష్టం చిన్నొదినా" అంటుంది. మొగుడి ఓటే దాని ఓటు. ఇంక బావ ఒక్కడు చెయ్యెత్తితే లిఫ్టు గెలిచినట్టే. ఒక బిస్కెట్ డబ్బా నా చేత్తో నేనే సర్ది, తీసుకుని షాపుకెళ్లాను.

"బావా, లిఫ్టుకేగా?"

"లిఫ్టుకి కాకపోతే ఇంక దేనికి?"

"మాట?"

"మాట," అన్నాడు. డబ్బాలో చెయ్యి పెట్టి, నేను స్వయంగా సర్దిన డబ్బాలోంచి, ఎలా దొరికిందో ఏమో, విరిగింది తీసి నోట్లో వేసుకున్నాడు.

ఆదివారం వచ్చింది. అక్క కత్తి అంది. నేను లిఫ్టు అన్నాను. "నువ్వూ చెప్పమ్మా," అని మర్యాదకి కొత్త కోడల్ని అడిగాను.

ఆ పిల్ల కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "నాకు ఆ మేక సినిమా, చిన్నొదినా."

"ఏ మేక?" అన్నాడు నాన్న.

"ఒక మేక తప్పిపోతుంది మావయ్యగారూ. ఇల్లు వెతుక్కుంటూ మళ్లీ వస్తుంది."

"అంతేనా?" అంది అక్క.

"అంతే వదినా."

"మేకకి డైలాగులు ఎవరు రాశారో," అన్నాడు తమ్ముడు. అందరం నవ్వాం. అందరికంటే వాడే గట్టిగా నవ్వాడు. ఆ పిల్ల కూడా నవ్వబోయింది గానీ కుదరలేదు. "ఊరికే అన్నాన్లెండి, ఏదైనా ఫర్వాలేదు," అంటూ ఖాళీ కప్పులు తియ్యడానికి లేచింది.

చేతులెత్తమన్నాడు నాన్న. కత్తికి మూడు. లిఫ్టుకి నాదీ తమ్ముడిదీ. బావ వంక చూశాను. కళ్లజోడు తీస్తున్నాడు.

"కూర్చో చెల్లెమ్మా, ఓటెయ్యకుండా పోతావేంటి," అన్నాడు. "ఆ మేక సినిమా... ఆ చివరి అరగంట ఉంది చూడండీ." చెయ్యెత్తాడు.

ఆ పిల్ల కప్పులతో అలాగే నిలబడిపోయింది. "మీరు చూశారా అన్నయ్యా?"

"చూడకుండా ఎలా ఉంటాను?"

"వంతెన దగ్గర ఆగిపోతుంది, అక్కడేనా?"

"అక్కడే. సరిగ్గా అక్కడే."

కప్పులు బల్ల మీద పెట్టి, తన సినిమాకి తనూ చెయ్యెత్తి కూర్చుంది. ఈసారి సోఫా అంచున కాదు. ఆ మేక వంతెన ఎలా దాటిందో మొత్తం చెప్పింది. మధ్యలో మేకలా అరిచి కూడా చూపించింది. నాన్న ఇంకోసారి అరవమన్నాడు. తమ్ముడు నోరు తెరుచుకుని పెళ్లాన్ని చూస్తూ ఉండిపోయాడు. నాకు మాత్రం ఒక్క ముక్క వినపడితే ఒట్టు. నా కళ్లకి గోడ మీద అప్పుడే కత్తి కనపడుతోంది.

మర్నాడే కత్తిని తగిలించారు. దాని మొన సరిగ్గా నా కంచంలోకి చూస్తుంది. ముద్ద ఎత్తినప్పుడల్లా బావని తిట్టుకున్నాను. మాట తప్పిన మనిషితో మాటలేంటని మాట్లాడటం మానేశాను. బిస్కెట్లు బంద్ చేశాను. ఆ కోపంలోనే ఓ రోజు చూసుకోకుండా నా కళ్లజోడు మీద కూర్చున్నాను. ఇంక షాపుకెళ్లక తప్పలేదు.

బావ నన్ను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన పరీక్ష ఫ్రేము పెట్టి, అందులో అద్దాలు మార్చడం మొదలెట్టాడు.

"ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?"

"ఎప్పుడూ బాగాలేదు. ఎందుకు మాట తప్పావు?"

"పై వరస చదువు."

"చదవను. ఆ మేక సినిమాలో అంత ఏముందో చెప్పు."

"ఏముందంటే, ఆ గొర్రెపిల్ల పాపం..."

"మేక."

"మేకే."

"బావా, నువ్వా సినిమా చూడలేదు."

అద్దం మార్చాడు. "ఇప్పుడు?"

"చూడని సినిమాకి ఓటేశావు. పదేళ్ల పాటు నా నెత్తిన కత్తి వేలాడదీశావు."

"మెల్లిగా. బయట జనం ఉన్నారు."

"ఉండనీ. అందరికీ తెలియాలి నీ సంగతి."

ఆయన స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "ఆ పిల్ల మనింటికొచ్చాక మొదటిసారి నోరు తెరిచి నాకిది ఇష్టం అంది. మనం నవ్వేశాం. మొగుడు కూడా నవ్వాడు. ఇంక జన్మలో నోరు విప్పుతుందా?"

"మరి నా మాటో?"

"నీ పక్కన తమ్ముడున్నాడుగా. ఆ పిల్ల ఒక్కతే."

ముక్కు మీది ఫ్రేము సర్దుకున్నాను. "అంటే, ఆ జలాంతర్గామి?" అన్నాను.

"మావయ్యగారు ఆ రోజు పేపరు తలకిందులుగా పట్టుకున్నారు. మీరెవరూ చూడలేదు."

"అమ్మ గుడ్డి హీరోయిన్?"

"అత్తయ్యగారు ఒక్కరే వెళ్లొచ్చారు కదా. ఆ సినిమా గురించి మాట్లాడుకోడానికి ఆవిడకి ఇంకెవరున్నారు?"

అప్పుడు నాకొక అనుమానం వచ్చింది. రాకుండా ఉంటే బాగుండేది.

"బావా, లిఫ్టు సినిమా?"

బావ కళ్లజోడు తీశాడు. చొక్కా అంచుతో తుడవడం మొదలెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు.

"కింది వరస చదువు మరదలా."

"లిఫ్టు సినిమా చివరి అరగంటలో ఏం జరుగుతుందో చెప్పు."

"తలుపు తెరుచుకుంటుంది."

"తెరుచుకోదు."

"మీ అక్క గిల్లితే లేచాను," అన్నాడు తల దించుకుని. "అప్పటికే లైట్లు వేసేశారు."

నాకు పట్టిన మంట అంతా ఇంతా కాదు. నా సినిమా, నా కళాఖండం, ఈయన దృష్టిలో విరిగిన బిస్కెట్టా? ఇన్నేళ్లూ దాన్ని బట్టేనా ఈయనకి అభిరుచి ఉందనుకున్నాను? కుర్చీ దిగి విసవిసా గుమ్మం దాకా వెళ్లాను. తీరా పరీక్ష ఫ్రేము ముక్కు మీదే ఉంది. వెనక్కి తిరక్క తప్పలేదు.

"ఇంతకీ నీకు నిజంగా నచ్చిన సినిమా ఏది?" అన్నాను ఫ్రేము తీసిస్తూ.

"ఎందుకులే మరదలా, నవ్వుతారు," అన్నాడు.

ఆ మాట ఏడాదంతా నా బుర్రలో తిరిగింది. మళ్లీ ఏడాది చివరి ఆదివారం రాగానే, "ఈసారి మొదట బావే చెప్పాలి," అని పట్టుబట్టాను. ఎంత నసిగినా వదల్లేదు. చివరికి, "నాకు... ఆ మాట్లాడే మోటార్ సైకిల్ సినిమా," అన్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

హాలు దద్దరిల్లింది. నాన్నకి పొలమారింది. అమ్మ కళ్లు తుడుచుకుంది. "అన్నయ్యా, ఆ బండికి జలుబు కూడా చేస్తుంది కదా," అంటూ అందరికంటే గట్టిగా నవ్వింది మేక సినిమా పిల్ల.

బావ కూడా నవ్వబోయాడు. "సరదాకి అన్నాన్లే," అంటూ ఖాళీ కప్పులు తియ్యడానికి లేచాడు.

ఒక మాట స్పష్టంగా చెప్తున్నాను. ఆ సినిమాకి నేనూ వెళ్లాను. బండి హారన్‌తో ప్రేమలేఖ చదువుతుంటే భరించలేక ఇంటర్వెల్‌లోనే లేచి వచ్చేశాను. పదేళ్లలో అంత చెత్త సినిమా రాలేదు. అది గెలవకూడదు, గోడెక్కకూడదు, అసలు దాన్ని తీసినవాళ్లకి ఇంకో సినిమా ఇవ్వకూడదు. ఇదంతా అనుకుంటూనే చెయ్యెత్తాను.

"మతి పోయిందా నీకు?" అంది పెద్దక్క.

నేను కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాను. "ఆ చివరి అరగంట ఉంది చూడండీ," అన్నాను.

బావ కప్పులు పట్టుకుని ఒక్క క్షణం నా వంకే చూశాడు. తర్వాత వాటిని బల్ల మీద పెట్టేసి నా పక్కకొచ్చి కూర్చున్నాడు. "అదే మరదలా, అదే నేననేది," అన్నాడు. ఇంక ఆ చివరి అరగంట మొదట్నుంచీ చివరి దాకా పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చాడు. నేను చూసిన మొదటి సగం కంటే అది ఇంకా ఘోరంగా ఉంది.