మా తెల్లకారుకు వచ్చిన మిస్సింగు

మా చేలల్లో వేరుశనగకు బదులు సోలార్ పలకలు లేచిన ఆ కొత్తల్లో, తిరుమణిలో నాలాంటి కుర్రాళ్లకు రెండే దారులుండేవి. ఒకటి, సోలార్ పార్కులో ఏదో ఒక పని సంపాదించి ఇంట్లోనే ముద్ద తినడం. రెండోది, బెంగుళూరు బస్సెక్కి అక్కడ ఎవరి కారో తోలడం. పొలం పార్కుకు కౌలుకు పోయాక మా నాయన ఉన్న గొర్రెలు కూడా అమ్మేసి, ఎవరో వాడి వదిలేసిన తెల్లకారు ఒకటి కొని నా చేతిలో పెట్టాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. (ఇన్నేళ్లు మంద కాసిన మనిషికి ఇంటి ముందు కట్టేయడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని మా అమ్మ అనేది.) డ్రైవరునే కాదు, మెకానిక్కును కూడా అని నాకు గట్టి నమ్మకం. అంతకుముందు పావగడలో ఒక షెడ్డులో పనిచేశాను. అక్కడ నేను చేసిందల్లా పాత బోల్టులు కిరోసిన్లో కడగడమే అయినా, కడిగేటప్పుడు చెవులు మూసుకోలేదు గనుక మెకానిక్కుల మాటలన్నీ వంటబట్టాయి. ఆ మాటలే నా కొంప ముంచాయి.

పార్కులో ఒక కంపెనీకి ఇంజనీరును తిప్పడానికి కారు కావలసి వచ్చింది. తుమకూరు వైపు నుంచి వచ్చిన కన్నడాయన ఒకరు అక్కడ ఆఫీసరు. సోమవారం పొద్దున గేటు దగ్గరికి వేళకు కారు వస్తే పని నాది, రాకపోతే క్యాతగానచెర్లులో ఇంకో కారు తుడిచి సిద్ధంగా ఉంది అని ఆయన చాలా మర్యాదగా చెప్పాడు. పని పోతే నేను బెంగుళూరు బస్సెక్కడమే. ఇలాంటి సోమవారానికి ముందు ఆదివారం బుద్ధిమంతుడు ఇంట్లో ఉంటాడు. నేను మాత్రం మంగళవాడలో మా మేనత్తకు కారు చూపించడానికి వెళ్లి, రాత్రికి అక్కడే ఆగిపోయాను. కారును ఎండ తగలకుండా వేరుశనగ మూటల పక్కన కొట్టంలో పెట్టాను. రాత్రిపూట ఎండ ఉండదన్న సంగతి నాకు అప్పుడు తోచలేదు.

పొద్దున బయలుదేరి పావగడ దాటానో లేదో, కారు వణకడం మొదలుపెట్టింది. యాక్సిలేటరు తొక్కితే ముందుకు పోవడానికి బదులు దగ్గేది. ఇంజనులో నాలుగు సిలిండర్లలో ఒకటి మండకపోతే ఇలా అవుతుంది. షెడ్డు భాషలో దీన్ని మిస్సింగు అంటారు. జబ్బు పేరు తెలిసినందుకు నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. కారు పక్కకు తీసి, అప్పటికే గేటు దగ్గర కాచుకుని ఉన్న నాయనకు ఫోను చేశాను. "నాయనా, కారు మిస్సింగు. ఆఫీసరుకు చెప్పు, రొంత లేటయితాది," అన్నాను. అంతలో ఫోను చచ్చిపోయింది.

ఆ తర్వాత గేటు దగ్గర జరిగింది నాకు అక్కడికి చేరాకే తెలిసింది. నాయన ఆ మాటను గేటు కాపలాలో ఉన్న మా చిన్నాయనకు చెప్పాడు. చిన్నాయన దాన్ని ఆఫీసరుకు కన్నడంలో చెప్పాడు. మిస్సింగు అనే మాట ఇంగ్లీషుతో కలిపి మూడు భాషల్లోనూ అదే గనుక ఎవరికీ అనుమానం రాలేదు. తెలుగులో దగ్గుగా బయలుదేరిన మాట కన్నడంలోకి దిగేసరికి దొంగతనం అయిపోయింది.

నేను మాత్రం బానెట్ ఎత్తి వైద్యంలో ఉన్నాను. మొదట పెట్రోలు బంకును తిట్టాను. తర్వాత ఎయిర్ ఫిల్టరు తీసి దులిపి పెట్టాను. రేడియేటరు మూత విప్పి లోపలికి చూశాను. (దానికీ మిస్సింగుకూ సంబంధం లేదు, కానీ చూడటంలో ఒక హోదా ఉంది.) ఆఖరికి షెడ్డులో విన్న పద్ధతి గుర్తొచ్చింది. ఇంజను నడుస్తుండగా ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూడాలి. పీకినప్పుడు శబ్దం ఇంకా పాడైతే ఆ సిలిండరు పనిచేస్తున్నట్టు, ఏ మార్పూ లేకపోతే చచ్చింది అదే. మొదటి వైరు పీకగానే నాకు షాకు కొట్టింది. తాలూకా అంతా కరెంటు పండిస్తున్నప్పుడు నా వంతు కూడా రావాలి కదా అనుకుని, చేతికి గుడ్డ చుట్టుకున్నాను.

అప్పుడే మోటారుబైకు మీద ఇద్దరు వచ్చి ఆగారు. తెల్లకారు ఒకటి పోయిందంట, ఈ దోవలో ఏమన్నా చూసినావా అన్నా అని అడిగారు. బానెట్ కిందనుంచి తల తీయకుండా నిజమే చెప్పాను. "లేదప్పా. పొద్దన్నుంచీ నా కారు తప్ప ఇంగో కారు రాలే." వాళ్లు మంచిదన్నా అని ముందుకు వెళ్లిపోయారు. కారు పోగొట్టుకున్నవాడెవడో, పాపం, వాడికి ఎంత కష్టం వచ్చిందో అని నేను కాసేపు బాధపడ్డాను కూడా.

మూడో వైరు పీకితే శబ్దంలో మార్పు లేదు. వైరు వంచి చూస్తే ఎలుక కొరికిన గాటు. నిప్పురవ్వ ప్లగ్గుకు పోకుండా ఆ గాటులోంచి బయటికి దూకుతోంది. దగ్గర్లో ఉన్న పంచరు అంగడికి నడిచి వెళ్లి, సైకిల్ ట్యూబు ముక్క అడిగి తెచ్చి, బిగించి చుట్టి కట్టాను. ఇంజను హాయిగా పాడింది. ఆ క్షణంలో లోకంలో నాకంటే మొనగాడు లేడు.

గేటు దగ్గరికి వచ్చేసరికి జనం. నాయన కింద కూర్చుని ఉన్నాడు, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని. చిన్నాయన పరుగెత్తుకుంటూ వచ్చి కిటికీలో తల పెట్టాడు. "యాడ దొరికెరా నీకు?" అన్నాడు. మూడో సిలిండరు దగ్గర అన్నాను. ఆ ఊరు ఆయనకు తెలిసినట్టు లేదు. ఎవరి పనిరా ఇది అన్నాడు. అంతా ఎలక చేసింది చిన్నాయనా అన్నాను. ఎలక అనేవాడు ఏ ఊరోడని అడిగితే మంగళవాడ అని చెప్పాను. ఆయన తల ఊపి, ఆ పక్క అట్లాంటోళ్లు ఉంటారులే అన్నాడు.

కారు దొరికిందని జనం కేకలు వేస్తుంటే అప్పుడు సంగతి అర్థమై ఆఫీసరు దగ్గరికి వెళ్లి, కారు పోలేదు సార్, మిస్సింగు వచ్చింది అని విడమరిచి చెప్పాను. ఇప్పుడు మిస్సింగు లేదు కదా అన్నాడు ఆయన. లేదన్నాను. మరి ఇంకేం అన్నాడు. పోయిన కారును పొద్దు నడినెత్తికి రాకముందే ఒంటిగా పట్టుకొచ్చిన డ్రైవరు తనకు ఇంతవరకూ తగల్లేదట. రేపటి నుంచి రమ్మన్నాడు. ఊళ్లో ఇప్పటికీ మేక తప్పిపోయినా, సెల్‌ఫోను పోయినా నా దగ్గరికే వస్తారు. ట్యూబు ముక్క గురించి మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

ఆ రోజు నాయనను పక్కన కూర్చోబెట్టుకుని ఇంటికి వస్తున్నాను.  ఆయన అద్దంలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "కారు పోతే పోనీలే అనుకుంటి. దాని యెనకాల నువ్వు బెంగుళూరికి పోతావే అని భయమాయరా."  నేను అవసరం లేని చోట గేరు మార్చాను.

ఇప్పుడు అదే పార్కులో నేను తోలేది బ్యాటరీ బండి. దానికి మిస్సింగు రాదు, గేర్లూ లేవు. ఆ రోజు నాయన అన్నలాంటి మాట మళ్లీ ఎవరైనా అంటే చేతులెక్కడ పెట్టుకోవాలో నాకు తెలియదు.