బాలమ్మ ఇచ్చేస్తానన్న చీటీ

1986 వానాకాలం. ముంబయిలో ఒక పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిలో, ఆడవాళ్ల సర్జరీ వార్డులో నేను స్టాఫ్ నర్సుని. పుట్టి పెరిగింది కామాఠీపురాలో, ఎర్రదీపాల పేటగా పేరుపడిన చోట. ఆ పేరు చెప్పగానే ఎదుటివాళ్ల ముఖంలో రంగు మారడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. రాళ్లు మోసి, గోడలు లేపి ఈ నగరాన్ని కట్టిన, కామాఠీలని పిలిచే మన తెలుగు కూలీల వల్లే ఆ పేటకు ఆ పేరు వచ్చిందని ఎంతమందికి చెప్పినా మర్నాటికి మరిచిపోతారు. మా తాత కూడా ఆ కూలీల్లో ఒకడు. వార్డులో తెలుగు వచ్చిన నర్సుని నేనొక్కదాన్నే కావడంతో, తెలుగు పేషెంటు ఎవరొచ్చినా నన్నే పిలిచేవారు.

అలా నా చేతికి వచ్చింది బాలమ్మ. నలభై దాటిన మనిషి. పాలమూరు వైపు నుంచి పెళ్లయిన కొత్తలోనే భర్తతో వచ్చి, ఫాక్‌లాండ్ రోడ్డు వెనక ఒక చాల్‌లో, వరస గదుల పాత మేడలో, ఉంటూ బిల్డింగు పనుల్లో తట్ట మోసేది. ఏడాదిగా కడుపు పెరుగుతూ వచ్చింది. "ఈ వయసుల గిదేం పని బాలమ్మా" అని చాల్‌లో ఆడవాళ్లు ఏడిపిస్తే ఆమె కూడా నవ్వేసి, చీర కాస్త కిందికి కట్టుకుని పనికి పోయింది. మెట్లెక్కితే ఊపిరాడని రోజు వచ్చాక గానీ దవాఖాన గడప తొక్కలేదు.

ఆమెది అపెండిక్స్ క్యాన్సర్. అపెండిక్స్ అంటే పెద్దపేగు మొదట్లో వేలాడే చిన్న తోక. మామూలుగా అది వాస్తే కోసి తీసేస్తారు, నాలుగు రోజుల్లో మనిషి ఇంటికెళ్తాడు. దానికి క్యాన్సర్ రావడం అరుదు. వచ్చినవాళ్లలో కొందరికి ఆ తోక పగిలి, మ్యూసిన్ అనే జిగట పదార్థం కడుపంతా నిండిపోతుంది. చల్లారిన సగ్గుబియ్యం జావలా ఉంటుంది. బాలమ్మ ఆపరేషన్‌లో దాన్ని బేసిన్లకు బేసిన్లు బయటికి తీశారు. ఆ తర్వాత నేను సగ్గుబియ్యం పాయసం ముట్టలేదు.

ఎంత తీసినా ఎక్కడో కాస్త మిగులుతుంది, మళ్లీ ఊరుతుంది. అందుకే మా పెద్ద డాక్టరు అప్పట్లో ఒక క్లినికల్ ట్రయల్, అంటే మందు పనితీరును పరీక్షించే ప్రయోగం, మొదలుపెట్టారు. ఆపరేషన్ తర్వాత కొందరికి ఎప్పటిలా నరం ద్వారా మందు. మరికొందరికి క్యాథెటర్ అనే సన్నటి గొట్టంతో నేరుగా కడుపులోకే మందు. ఎవరికి ఏది అన్నది డాక్టరు ఇష్టం కాదు. అతికించిన కవర్లలో ముందే రాసి ఉంటుంది, ఒక్కొక్కరికి ఒక్కో కవరు విప్పుతాం. దాన్ని ర్యాండమైజేషన్ అంటారు. ఆపరేషన్‌కు ముందు ఈ సంగతంతా బాలమ్మకు వివరించాను. ఆమె సగంలోనే అందుకుంది.

"అంటే మా చాల్ల భిశీ లెక్క చిట్టి తీసుడు, గంతే గదా బిడ్డా?"

భిశీ అంటే ముంబయి ఆడవాళ్లు వేసుకునే చీటీ. పేర్లు రాసిన చిట్టీలు గిన్నెలో వేసి ఒకటి తీస్తారు. ఎవరి పేరొస్తే ఆ నెల పోగైన డబ్బు వాళ్లది. నేను సంతోషంగా "అంతే చిన్నమ్మా" అన్నాను. అంత కష్టమైన విషయం అంత తేలిగ్గా అర్థమైపోయిందని తెగ మురిసిపోయాను కూడా. భర్త మల్లయ్యతో మాట్లాడుకుని, ఆమె ఒప్పుకుని వేలిముద్ర వేసింది.

ఆపరేషన్ అయిన మర్నాడు కవరు విప్పాం. బాలమ్మకు కడుపులోకి మందు వచ్చింది. పక్క మంచం మీద సాతారా వైపు నుంచి వచ్చిన సుమన్ అనే పిల్ల ఉంది. అదే జబ్బు, బాలమ్మ కంటే ఒక్కరోజు ముందు ఆపరేషన్. ఆమెకు నరం మందు వచ్చింది. కొత్త మందే మంచిదని వార్డంతా ఒకటే నమ్మకం. నిజం చెప్పాలంటే నర్సులమూ లోలోపల అదే అనుకునేవాళ్లం. సుమన్ కవరు విప్పినప్పటి నుంచీ దిండులో ముఖం పెట్టి ఏడుస్తోంది. పిల్లల్ని వార్డులోకి రానివ్వరు కాబట్టి, సాయంత్రం పూట ఆమె భర్త చంటిపాపను కింద ఆవరణలో నిలబడి పైకెత్తి చూపించేవాడు. కిటికీ దాకా నడవలేని సుమన్‌కు ఆ పాప కేరింతలు మాత్రం వినిపించేవి. ఆ మంచానికీ ఈ మంచానికీ మధ్య మూరెడు దూరం. బాలమ్మ అంతా చూస్తూనే ఉంది.

మందు పెట్టడానికి ట్రే తీసుకుని వెళ్లేసరికి ఆమె గొట్టం మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నా నంబర్ గా పోరికియ్యుండ్రి. నేను మల్లసారి తీస్కుంట."

అప్పుడు నాకు తట్టింది. చాల్ భిశీలో పేరొచ్చినామె, తనకంటే అవసరం ఎక్కువున్న మనిషికి తన వంతు ఇచ్చేయొచ్చు. అది అక్కడి మర్యాద. ఇంట్లో పురుడో చావో ఉన్నామె ఎదురుగా కూర్చుని ఉండగా వంతు పట్టుకుని లేచిపోతే, అలా లేచిపోయినామెతో మర్నాడు కొళాయి దగ్గర మాట్లాడేవాళ్లుండరు. మా అమ్మ అలా ఇవ్వడం నేనే చూశాను. బాలమ్మ ర్యాండమైజేషన్‌తో పాటు ఆ మర్యాదను కూడా తీసుకొచ్చి వార్డులో పెట్టింది.

"ఇక్కడ మల్లసారి లేదు చిన్నమ్మా. ఇవాళో రేపో మొదలుపెట్టాలి. పేగులు ఒకదానికొకటి అతుక్కుపోతే మందు అంతటికీ పారదు" అన్నాను.

"అయితే జల్ది దానికే ఎక్కించుండ్రి. నా చిట్టి నా ఇష్టం."

పెద్ద డాక్టరు రౌండ్స్‌కు వచ్చారు. ఆయన మరాఠీ మనిషి, కోపిష్టి కాదు కానీ ఓపిక తక్కువ. సంగతి విని తల పట్టుకున్నారు. మనకు జాలేసిన వాళ్లకు ఒక మందు, మిగతావాళ్లకు ఇంకో మందు ఇస్తూ పోతే ఏది పనిచేసిందో ఎన్నటికీ తేలదని, లెక్కంతా పాడైపోతుందని ఆమెకు చెప్పమన్నారు. నేను తెలుగులో చెప్పాను.

"లెక్క మీది" అంది బాలమ్మ. "పానం ఎవలది?"

ఆ మాటను నేను డాక్టరుకు అనువాదం చేయలేదు. ఒక మంచం మీద చంటిబిడ్డ తల్లి ఏడుస్తోంది. ఇంకో మంచం మీద తన ప్రాణానికి పనికొస్తుందో ఏమో అనుకున్న మందును ఈమె పక్కకు తోసేస్తోంది. నాకు ఇద్దరి మీదా జాలేసింది, ఇద్దరి మీదా కోపమూ వచ్చింది. ఏం చేయాలో తోచక డాక్టరునే అడిగేశాను, హిందీలో, బాలమ్మకు అర్థమయ్యేలా.

"సార్, ఇదే జబ్బు మీ చెల్లెలికి వస్తే ఏ కవరు కోరుకుంటారు?"

వార్డులో సిస్టర్లు పెద్ద డాక్టర్లను అలాంటి ప్రశ్నలు అడిగే కాలం కాదది. ఆయన కళ్లద్దాలు తీసి కోటు అంచుతో తుడిచారు.

"మాలూమ్ నహీ" అన్నారు చివరికి. కడుపులో పోస్తే మేలు జరగొచ్చు, పేగులు పాడై కొత్త బాధా రావచ్చు, నిజంగానే తనకు తెలియదన్నారు.

బాలమ్మ ఆయన ముఖంలోకే చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"గింత సదువు సదివి, ఈనకే ఎర్క లేదా?"

"లేదు చిన్నమ్మా. తెలుసుకోవడానికే ఈ కవర్లన్నీ."

ఆమె చాలాసేపు పైకప్పు చూస్తూ పడుకుంది. డాక్టరు వెళ్లిపోకుండా అక్కడే నిలబడ్డారు.

"భిశీల చిట్టి ఎత్తితే ఏమొస్తదో అందరికీ ఎర్కనే. గందుకే ఇస్తం, తీస్కుంటం. ఏమొస్తదో ఎర్క లేనిది ఇచ్చుడేంది? గది ఇచ్చుడు గాదు, పసిపిల్ల తల్లి నెత్తిన వెట్టుడు." గొట్టం మీది చెయ్యి తీసేసింది. "నాదే నాకు ఎక్కించుండ్రి."

మందు లోపలికి పోశాక అన్ని మూలలకూ చేరడానికి పేషెంటును కుడికీ ఎడమకూ తిప్పుతూ ఉండాలి. కొత్త కుట్లతో అది నరకం. జ్వరం, మంట, వాంతులు. "జొన్నరొట్టె లెక్క తిప్పుతున్నవ్ గదనే, మాడవెట్టకు" అని నన్ను తిట్టేది. తిడుతూనే తిరిగేది. సుమన్ చేయి చాచి ఆమె వేళ్లు పట్టుకునేది. ఒకరి భాష ఒకరికి అంతంతమాత్రమే అయినా రోజంతా ఏదో ఒకటి మాట్లాడుకుంటూనే ఉండేవాళ్లు.

ఇద్దరూ కోలుకుని ఇళ్లకు వెళ్లారు. ఇలాంటి ప్రయోగానికి అసలు ప్రాణం ఫాలో-అప్‌లో ఉంటుంది, అంటే బాగున్నా బాగోకపోయినా పేషెంటు క్రమం తప్పకుండా వచ్చి చూపించుకోవడం. బాలమ్మ రెండుసార్లు వచ్చి మానేసింది. ఏడాది దాటాక, మా ఇంటి దారే కదా అని ఒక ఆదివారం గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో దిగి నేనే ఆమె చాల్‌కు వెళ్లాను. ఆమె పై అంతస్తు వరండాలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. తట్ట మోయడం లేదట, పనివాళ్లకు వంట చేసిపెడుతోందట.

"మంచిగనే ఉన్న గద బిడ్డా. దవాఖానకొస్తే ఒక ఖాడా పడ్తది" అంది. ఖాడా అంటే కూలి పోయిన రోజు. చాట పక్కన పెట్టి, "మా సాతారా పోరి ఎట్లున్నది?" అని అడిగింది.

నేను ఆ ప్రశ్నకే భయపడుతూ వచ్చాను. సుమన్ కడుపులో ఆ జిగట మళ్లీ ఊరింది. సాతారాలోనే చేసిన రెండో ఆపరేషన్‌కు తట్టుకోలేదు. ఆమె భర్త ఒక్కడే ఆసుపత్రికి వచ్చి మాకు చెప్పి వెళ్లాడు. అదే చెప్పాను.

బాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కింద కొళాయి దగ్గర బిందెల చప్పుడు, పక్క గదిలో రేడియో, ఆదివారం సందడి ఆగలేదు. కాసేపటికి ఆమే అడిగింది.

"నా చిట్టి దానికిస్తే బతుకుతుండెనా?"

ఔననీ కాదనీ అనకూడదు. ఔనంటే ఆమె ఇక నిద్రపోదు. కాదంటే అబద్ధం.

"తెలియదు చిన్నమ్మా."

"ఇంకా ఎర్క గాలేదా?"

"ఒకరిద్దరితో తెలియదు. చాలామందిని ఏళ్ల తరబడి చూడాలి. వాళ్లు మధ్యలో రావడం మానేస్తే ఎప్పటికీ తెలియదు. సుమన్ పడిన బాధ కూడా ఎవరికీ పనికిరాకుండా పోతుంది."

ఆమె ముఖం తుడుచుకుని చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. నేను మెట్లు దిగి వచ్చేశాను.

ఆ తర్వాత ఎందరికో ఆ కవర్ల సంగతి చెప్పాను. ముందుగా "ఏది మంచిదో మాకు తెలియదు" అనే చెప్పేదాన్ని, మిగతా వివరాలు ఆ తర్వాతే. మాకు తెలియదని చెబితే పేషెంట్లు పారిపోతారని అంతకుముందు భయపడేదాన్ని. నిజానికి చాలామంది ఆ మాట విన్నాకే మమ్మల్ని నమ్మారు. ఇది నాకు నేర్పింది బాలమ్మ.

ఆమె మళ్లీ ఒక్క ఫాలో-అప్ కూడా తప్పలేదు. పాలమూరు వెళ్లినా ఆ రోజుకు తిరిగొచ్చేది. నేను ఆ వార్డులో ఉన్నన్నాళ్లూ, పరీక్ష బల్ల ఎక్కే ముందు తలుపు దగ్గరే ఆగి అడిగేది.

"ఎర్కైందా బిడ్డా?"

"ఇంకా లేదు చిన్నమ్మా."

"అయితే మల్లొస్త."