షిఫ్టు లాకూ, కోటగిరి బస్సూ

మొన్న ఆదివారం మా అమ్మాయి తలస్నానానికి వెళుతూ, మనవరాలి బడి ఫోటోలు చూసుకొమ్మని తన ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి, పాస్‌వర్డ్ చెప్పి పోయింది. మొదట రెండు పెద్దక్షరాలు, ఆపైన అన్నీ చిన్నవి. ఇంత చిన్న పనికి నాకు పాఠం అవసరమా అనుకుంటూ క్యాప్స్ లాక్ నొక్కాను, రెండక్షరాలు కొట్టాను, చిటికెన వేలితో షిఫ్టు ఒకసారి తట్టి మిగతావి పూర్తి చేశాను. తప్పు అంది. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే. తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చిన అమ్మాయి నా వెనక నిలబడి కాసేపు చూసి, "గా షిఫ్టెందుకు ఒత్తుతున్నవు? క్యాప్స్ లాకే మళ్ల ఒత్తాలె గదా," అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇదే వేలు, ఇదే తప్పు, ఇన్నేళ్ల తర్వాత కూడా.

మీలో టైపు మిషను మీద వేళ్లు అరగదీసుకున్నవారు ఉంటే ఈపాటికి నా సంగతి అర్థమై ఉంటుంది. మన మిషన్ల మీద షిఫ్టు అంటే మాటలు కాదు. పెద్దక్షరం ఒకటి పడాలంటే ఆ ఇనుప క్యారేజీ మొత్తం లేవాలి, దాన్ని లేపే పని చేతికంతటికీ బలహీనమైన చిటికెన వేలిది. ఇంట్లో చిన్నకోడలి నెత్తినే పెద్ద బిందె పెట్టినట్టు. శీర్షికలాంటిది మొత్తం పెద్దక్షరాల్లో కొట్టాల్సి వస్తే పాపం ఆ వేలికి కాస్త ఊపిరి పోయడానికి పక్కనే షిఫ్టు లాకు ఉండేది. దాన్ని నొక్కితే క్యారేజీ పైనే నిలిచిపోయేది, పని అయ్యాక షిఫ్టును ఒక్కసారి తడితే కటక్కుమని కిందికి దిగేది. ఆ చప్పుడు వినపడితేనే మనకు తర్వాతి అక్షరం. బాన్సువాడ బస్టాండు దగ్గర మేడ మీది ఇన్‌స్టిట్యూట్‌లో మా మాస్టరు చేతుల మీద గుడ్డ కప్పి మరీ నేర్పించిన విద్య అది, కళ్లతో పని లేకుండా వేళ్లలోకి దిగిపోయింది.

అక్కడే నాకంటే ముందు చేరిన ఒక అక్క పరిచయమైంది. జుక్కల్ వైపు క్రైస్తవుల కుటుంబం, నాకు తోడబుట్టింది కాకపోయినా అంతకంటే తక్కువా కాదు. ఇద్దరికీ బాన్సువాడలోనే ఒకే ఆఫీసులో టైపిస్టు ఉద్యోగాలు వచ్చాయి. మా గది వెనకవైపు, కిటికీ లేనిది, గోడ పైభాగాన జాలీ ఒకటి ఉండేది. మిషన్ల మోత ఆఫీసరుగారికి ఇబ్బంది అని తలుపు ఎప్పుడూ మూసే ఉంచేవాళ్లు. బయట వాన పడుతోందో ఎండ కాస్తోందో సాయంత్రం తలుపు తీస్తే గాని తెలిసేది కాదు.

మా అత్తగారి ఊరు కోటగిరి దాటాక, కాలువ కింద వరి మళ్ల మధ్య. మా ఆయనకు వ్యవసాయం తప్ప మరో లోకం లేదు, నా ఉద్యోగం వదులుకునే స్థితి ఇంట్లో లేదు. చీకటి పడే వేళకు బాన్సువాడ నుంచి మా వైపు చివరి బస్సు. ఆఫీసులో ముసాయిదాలు టైపుకి వచ్చేదేమో సాయంత్రమే, ఆఫీసరుగారి సంతకం పడేదాకా టైపిస్టు కదలకూడదు. గుమాస్తాలు టిఫిను డబ్బాలు సర్దుకుని వెళ్లిపోతుంటే మేము కాగితాలు ఎక్కించుకునేవాళ్లం. బస్సు ఎప్పుడో గాని అందేది కాదు. అందుకని వారమంతా అక్క కిరాయి గదిలోనే ఉండి శనివారం ఊరికి వెళ్లేదాన్ని. పాప, అంటే ఈ అమ్మాయే, అత్తమ్మ దగ్గరే పెరిగింది. ఆవిడనే అమ్మా అనేది, నన్ను బాన్సువాడమ్మ అనేది. చుట్టుపక్కలవాళ్లు ముద్దుగా ఉందని పదేపదే పిలిపించుకుని నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని, ఆ నవ్వు ఎంత కష్టమో నాకే తెలుసు.

నన్ను గుమాస్తాల సెక్షనులోకి మార్చమని హెడ్ క్లర్కుగారిని ఎన్నిసార్లు అడిగానో. మంచివాడే, కానీ ఎప్పుడూ ఒకటే జవాబు: "నువ్వు గా సెక్షన్ల కూసుంటే ఈ మిషను ఎవరు కొడ్తరమ్మా? నీ అసొంటి చెయ్యి యాడున్నది?" తిట్టి కట్టేస్తే తెంచుకునైనా పోవచ్చు, మెచ్చుకుని కట్టేస్తే ఏం చేస్తాం? చిటికెన వేలు వంగి నొప్పి పెడుతుంటే దవాఖానకు వెళ్లాను, డాక్టరమ్మ చూసి ఈ పని మానకపోతే వేలు ఇలాగే బిగిసిపోతుందని చెప్పింది. మానితే ఇల్లు గడవదు, మానకపోతే వేలూ దక్కదు, పిల్లా దక్కదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అలాంటి రోజుల్లో కంప్యూటరు వచ్చింది. దానికి పట్టు గుడ్డ కప్పి, కుంకుమ పెట్టి, చెప్పులు బయటే విప్పి లోపలికి వెళ్లేవాళ్లం. మొదటిసారి షిఫ్టు నొక్కినప్పుడు అది వెన్నలా కిందికి పోయింది, నా వేలికి నిజంగా ఏడుపొచ్చింది. కంట్రోల్ అనీ, ఆల్ట్ అనీ కొత్తగా ఇంకొన్ని కీలు ఉన్నాయి, ఒక్కదాన్నే నొక్కితే తెర మీద ఏమీ పడదు. అక్క వాటిని అటూ ఇటూ నొక్కి చూసి, "ఇవి ఒంటిగ ఏం పలకయి, పక్కదాన్ని పట్టుకుంటేనే పనిజేస్తయి, అచ్చం మన లెక్కనే," అంది. ఇక మన కష్టాలు తీరాయనుకున్నాం. తీరలేదు సరికదా, పెరిగాయి. మిషను కాలంలో ఒక్క మాట మార్చాలంటే కాగితమంతా మళ్లీ కొట్టాలి గనక రాసేవాళ్లు ఆలోచించి రాసేవారు. ఇప్పుడు తెర మీద దిద్దడం తేలికని తెలిశాక, ఈ మాట తీసెయ్యి, ఆ మాట పెట్టు అంటూ చీకటి పడేదాకా దిద్దించడమే. అప్పుడప్పుడూ అందే బస్సు కూడా అందకుండా పోయింది.

ఇంతలో కంప్యూటరు పరీక్ష నెగ్గిన టైపిస్టులను గుమాస్తాలుగా తీసుకుంటారని ఉత్తర్వు వచ్చింది. గుమాస్తా అయితే బల్ల వేళకు సర్దుకోవచ్చు, బస్సు అందుతుంది. ఇగ రోజూ ఇంటికి వస్తానని ఆ శనివారమే పాపకు చెప్పేశాను. అది నమ్మలేనట్టు నా మొహం చూసి, రాత్రి నా పక్కనే పడుకుంది.

పరీక్ష నిజామాబాదులో ఒక కాలేజీలో. చుట్టుపక్కల ఆఫీసుల టైపిస్టులందరినీ ఒకే వరుసలో కూర్చోబెట్టారు, మా ముందు వరుసలో కొత్తగా చదువుకుని వచ్చిన పిల్లలు. మొదట పేరు పెద్దక్షరాల్లో కొట్టమన్నారు. క్యాప్స్ లాక్ వేసి కొట్టాను. తర్వాత చీటీలో ఇచ్చిన పాస్‌వర్డు, అన్నీ చిన్నక్షరాలు. వేలు దానంతటదే వెళ్లి షిఫ్టును తట్టింది. తెర మీద చుక్కలే తప్ప అక్షరాలు కనబడవు గదా, తప్పు అంది. మళ్లీ తట్టాను, ఈసారి గట్టిగా. ఇంకోసారి. ఇక ప్రయత్నించడానికి వీల్లేదని తెర బిగుసుకుపోయింది. పక్కకు చూస్తే అక్క తెరా అంతే, ఆ పక్కనామె తెరా అంతే. మా వరుస వరుసంతా ఒకే వేలితో ఒకే తప్పు చేసి రాతిబొమ్మల్లా కూర్చుని ఉంది. టైపు మిషను మొహమే చూడని ముందు వరుస పిల్లలు మాత్రం టకటకా కొట్టుకుపోతున్నారు.

అక్క లేచి పర్యవేక్షకుణ్ణి పిలిచి, "సార్, షిఫ్టు ఒత్తిన గదా, ఎందుకు దిగలే?" అని అడిగింది. ఆ కుర్రాడు మర్యాదగానే, "దీంట్ల దిగేటందుకు ఏమున్నదమ్మా?" అన్నాడు. నిజమే, దాంట్లో క్యారేజీ లేదు, లేచిందీ లేదు, దిగేదీ లేదు. మళ్లీ తెరిపించే అధికారం తనకు లేదన్నాడు, గంట కొట్టేదాకా ఎవరూ బయటకు వెళ్లకూడదన్నాడు. తెరుచుకోని తెర ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. అప్పుడు చూశాను కీబోర్డు మూలన వెలుగుతున్న చిన్న పచ్చ దీపాన్ని. మొదటి నుంచీ అది చెబుతూనే ఉంది, చప్పుడు కోసం ఎదురుచూసే మా చెవులకు దాని మాట వినపడలేదు.

టైపిస్టులకు కంప్యూటరు రాదని పైకి రాసి పంపారట. ఆ శనివారం ఊరికి వెళ్లి, కుదరలేదని చెప్పాను. పాప దుప్పటి తీసుకుని వెళ్లి, ఎప్పటిలాగే అత్తమ్మ పక్కన పడుకుంది. ఆ పరీక్ష మళ్లీ పెట్టేసరికి పాప పదో తరగతి పూర్తి చేసి హాస్టలుకు వెళ్లిపోయింది, నేను అప్లికేషను కూడా పెట్టలేదు. ఎవరి కోసం పెట్టాలి?

ఇప్పుడు అక్క జుక్కల్‌లో తమ్ముడి ఇంట్లో ఉంటోంది, ఫోను చేసినప్పుడల్లా నా వేలి సంగతే మొదట అడుగుతుంది. మా అమ్మాయి ఉద్యోగం చేసేదీ బాన్సువాడలోనే, అందరం ఒకే ఇంట్లో ఉంటున్నాం. చిన్నప్పటి అలవాటు పోక ఇప్పటికీ నన్ను బాన్సువాడమ్మ అనే పిలుస్తుంది, ఫోనులోనూ ఆ పేరే రాసుకుంది. మనవరాలు ఆ ఫోనులో ఇంగ్లీషు మెసేజీలు కొడుతుంటే పక్కన కూర్చుని చూస్తుంటాను. అక్కడ షిఫ్టును అలా తాకితే చాలు, ఒక్క పెద్దక్షరం పడగానే ఎవరూ తట్టకుండా తనంతట తనే వదిలేస్తుంది. ఆ పిల్లకు అదేమీ వింత కాదు. నాకు మాత్రం చూసినప్పుడల్లా తలుపు మూసిన ఆ గది గుర్తొస్తుంది. ఆ రోజుల్లో పొద్దు వాలగానే నన్నూ ఎవరైనా అలా వదిలేసి ఉంటే, కోటగిరి బస్సు అందేది, నా బిడ్డకు నేను ఉత్త అమ్మనే అయి ఉండేదాన్ని.